ఒక్క ఊపిరిలో ఖడ్గం

తిరుపతిలో రైలు దిగేసరికి తెల్లారింది. కొండకు పోయే జనం బస్సుల వైపు నడుస్తుంటే నేను ఊళ్లోకి మళ్లాను. పుత్తూరు పక్కన ఒక చేనేత పల్లెలో వీరభద్రుడి కథ చెప్పే వచనాన్ని, అంటే ఖడ్గాన్ని, చదివే పెద్దాయన ఉన్నాడని, పొడుగాటి కత్తి పట్టి ఆడతాడని ఒక మిత్రుడు చెప్పాడు. కార్తీక సోమవారం, దీపాలు పెట్టే వేళకు రమ్మని కబురు వచ్చింది. అంతదాకా పొద్దు పోవాలి గనక తాతయ్యగుంట గంగమ్మ గుడికి వెళ్లాను. కత్తి కోసం వచ్చినవాడు తిరుపతిలో ముందు చూడాల్సింది ఆ గుడే అనిపించింది.

గుడి దగ్గర రద్దీ లేదు. మే నెలలో జాతరప్పుడైతే ఆ వీధిలో కాలు పెట్టే సందుండదు. అవిలాలలో దొరికి కైకాల వారింట పెరిగిన పిల్ల గంగమ్మ. ఊళ్లో ఆడపిల్లలను చెరబట్టే పాలెగాడు ఆమె మీదా కన్ను వేశాడు. ఆమె నిజరూపం చూసి పారిపోయి ఎక్కడో దాక్కున్నాడు. బైరాగిగా, బండగా, తోటిగా వేషం మార్చుకుంటూ గంగమ్మ ఊరంతా గాలించింది. చివరికి దొర వేషం కట్టింది. దొర వచ్చాడనుకుని దండం పెట్టడానికి పాలెగాడు బయటికి వచ్చాడు. వాడి తల తెగింది. మరునాడు మాతంగి వేషంలో వాడి భార్యను ఓదార్చడానికి ఆమే వెళ్లింది. కథలో నన్ను పట్టుకునేది ఈ చివరి ముక్క. ఇప్పటికీ ఆ వేషాలు కట్టేది కైకాల కుటుంబాల మగవాళ్లే.

గుడి ముందు పూలమ్మే ఆమెతో మాట కలిపి, పోతున్న పని చెప్పాను. మల్లెలు మూర వేస్తూ తల ఎత్తకుండానే, "ఆ కత్తాట అంటే మాటలు కాదు సామీ. ఆడేవాడి రొమ్ముల మీద నెత్తురు కారతాది. గుండె గట్టిగా ఉంటేనే పోండి" అంది. చూశావా అని అడిగాను. "నేను చూళ్లా. మా యమ్మ చూసింది" అంది. నాలుగడుగుల అవతల టీ కొట్టాయన మరో మాట చెప్పాడు. "ఇంకెక్కడి ఖడ్గం సార్, అది ఆగిపోయి శానా కాలమైంది. మీరు పోయినా తలుపులేసిన గుడి చూసి రావాల్సిందే." టీ తాగి బస్టాండుకు నడిచాను.

పుత్తూరు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. పక్కన రిటైరైన తెలుగు పంతులు కూచున్నారు. కత్తి అనగానే ఆయన అన్నమయ్యను తలుచుకున్నారు. స్వామి చేతిలోని నందకమనే ఖడ్గం అంశతోనే అన్నమాచార్యులు పుట్టాడని భక్తుల నమ్మకం. 1408లో తాళ్లపాకలో పుట్టి 1503 దాకా బతికి, కొండమీది దేవుడి మీద వేల సంకీర్తనలు చెప్పాడు. ఆ పాటలు రాగిరేకుల మీద చెక్కించారు. "కత్తి వచ్చి పాట అయింది చూడండి ఈ సీమలో" అన్నారు పంతులుగారు. వడమాలపేట దగ్గర దిగిపోతూ, మీరు చూడబోయేది మాత్రం పామరుల ఆట, అందులో సాహిత్యం ఏమీ ఉండదని చెప్పి వెళ్లారు. రాత్రి సరిగా నిద్ర లేదు. బదులు చెప్పే ఓపిక లేక ఊరుకున్నాను.

పుత్తూరులో దిగగానే చేతికో కాలికో కట్టుతో నలుగురైదుగురు కనిపించారు. విరిగిన ఎముకలకు పుత్తూరు కట్టు కట్టించుకోవడానికి తమిళనాడు నుంచీ కర్ణాటక నుంచీ జనం ఇక్కడికి వస్తారు. రాచపాళెం పేరు చెబితే ఆటోవాళ్లు మారు మాట అడగరు. నేను చెప్పిన పల్లె పేరు మాత్రం ఒకరిద్దరికి తెలియలేదు. తెలిసిన కుర్రవాడు నన్ను ఎక్కించుకుని, దారిలో నారాయణవనం వైపు చెయ్యి చూపించాడు. పద్మావతమ్మ పుట్టినిల్లు, ఆకాశరాజు ఏలిన ఊరు అని చెప్పాడు. అక్కడి కల్యాణ వేంకటేశ్వరుడి గుడిలో తిరుగు దారిలో ఆగాలనుకున్నాను.

పల్లె కనిపించక ముందే మరమగ్గాల చప్పుడు వినిపించింది. నాలుగైదు వీధుల్లోనూ అదే మోత. ఏ ఇంట్లోనో ఒక చేమగ్గం మిగిలి ఉందని చెప్పారు గానీ నాకు కనిపించలేదు. గుడి అన్నది పదడుగుల గది. తలుపులు బార్లా తెరిచే ఉన్నాయి. లోపల నల్లరాతి పలక మీద వీరభద్రుడు. ఒక చేతిలో కత్తి, ఒక చేతిలో డాలు, మరో రెండింట విల్లూ బాణమూ. కాళ్ల దగ్గర మేకతల పెట్టుకుని చేతులు జోడించిన దక్షుడు. ఆ మేకముఖంలో శిల్పి చెక్కిన బెదురు ఎన్ని అభిషేకాలకూ అరగలేదు.

పెద్దాయనకు డెబ్బై దాటి ఉంటాయి. వీధి అరుగు మీద కూచుని నూలు కండెలు వేరు చేస్తున్నాడు. పేరు రాయవద్దన్నాడు గనక రాయడం లేదు. "కూచో నాయనా, పొద్దుగూకనీ. వీరణం కొట్టే పిల్లోడు శ్రీసిటీలో డూటీకి పోయినాడు. వస్తే వస్తాడు, లేదంటే పలకతోనే కానిద్దాం" అన్నాడు. ఈలోగా మనవరాలు మజ్జిగ తెచ్చి ఇచ్చింది. పుత్తూరులో డిగ్రీ చదువుతోందట.

కత్తి చూపించమని అడిగాను. గుడిలో దేవుడి పక్కన ఎర్ర గుడ్డ చుట్టి నిలబెట్టి ఉంది. స్నానం కాకుండా తాకకూడదు గనక, ఎదురింటి ముసలాయన స్నానం చేసి వచ్చి గుడ్డ విప్పాడు. నేల మీద ఆనిస్తే ఆయన రొమ్ముదాకా వచ్చింది. "ఇది చంద్రగిరి కోటది సార్. రాయలోరి కాలంలో మా పెద్దోళ్లకు ఇనాముగా ఇచ్చినారు. దీని వయసు నాలుగు నూర్ల యేండ్లు" అన్నాడు ఆయన. పిడికి నూలుతాడు బిగించి చుట్టారు. అలుగు మీద ఎక్కడా తుప్పు లేదు, విభూతీ కుంకుమా పూసి ఉన్నాయి. పిడికి జానెడు పైన అలుగు నడుమ గుండ్రని బెజ్జం ఒకటి కనిపించింది. లారీ కమాను పట్టీకి మధ్య బోల్టు బిగించే చోట ఉండే బెజ్జం అంతే ఉంటుంది, అక్కడే ఉంటుంది. అదేమిటని అడిగాను. "అది దేవుడి కన్ను" అన్నాడు ఆయన. అంచు మీద వేలు పెట్టి చూడవచ్చా అంటే పెట్టనిచ్చాడు. మొద్దుగా ఉంది.

దీపాలు పెట్టే వేళకు గుడి ముందు చేరింది ఏడెనిమిది మంది. ఇద్దరు ముసలివాళ్లు, పలక కొట్టే నడివయసు మనిషి, మగ్గం ఆపి వచ్చిన ఇద్దరు నేతగాళ్లు, ముగ్గురు పిల్లలు. పిల్లల్లో ఒకడు ఫోను పట్టుకుని సిద్ధంగా నిలబడ్డాడు. శ్రీసిటీ కుర్రాడు రాలేదు. ఖడ్గాన్ని ఆడవాళ్లు దగ్గరుండి చూడకూడదని నాకు పొద్దుననే చెప్పారు. మనవరాలు మాత్రం గుడి గడప పక్కన, తాతకు కనిపించేంత దూరంలో కూచుంది. ఎవరూ ఏమీ అనలేదు.

పెద్దాయన తడిబట్టలతో వచ్చి పంచె గోచీ పోసి కట్టాడు. నడుముకు ఎర్ర దట్టీ బిగించాడు. రుద్రాక్షలు, ఒంటినిండా విభూతి, కాళ్లకు గజ్జెలు. కత్తి మొనకు నిమ్మకాయ గుచ్చి, రెండు చేతులా ఎత్తి కళ్లకు అద్దుకున్నాడు. అరుగు మీద కండెలు తీస్తున్నప్పుడు వంగి ఉన్న నడుము ఇప్పుడు నిటారుగా నిలబడింది.

పలక మోగింది. మూడడుగులు ముందుకు, ఒక గిరక, రెండడుగులు వెనక్కి. కత్తి తలమీదుగా తిరిగి భుజం పక్కన ఆగింది. చెయ్యెత్తగానే పలక ఆగిపోయింది. అప్పుడు చదవడం మొదలుపెట్టాడు.

ఖడ్గం చదవడమంటే ఏమిటో పుస్తకాల్లో చదివి ఉన్నాను, చెవులారా వినడం వేరు. దక్షుడు యజ్ఞం తలపెట్టడం, అల్లుణ్ణి పిలవకపోవడం, సతీదేవి పోయి అవమానపడి ప్రాణం విడవడం, శివుడు జడ పెరికి నేలకేసి కొడితే వీరభద్రుడు పుట్టడం, ఇదంతా వచనమే. సమాసం మీద సమాసం, మధ్యలో ఆగే చోటే లేదు. ఊపిరి తీసుకోకుండా ఒక్క బిగిన చదువుకుపోయి, ఇక గాలి అయిపోయిందనిపించే చోట "అశ్శరభ శరభ" అని కేక పెట్టాడు. ఆ కేక మీద పలక విరుచుకుపడింది, కాళ్లు కదిలాయి, కత్తి తిరిగింది. మాట నడుస్తున్నంతసేపూ ఒళ్లు కదల్లేదు. మాట ఆగితేనే ఆట. మళ్లీ చెయ్యెత్తగానే నిశ్శబ్దం, మళ్లీ మాట. పొద్దున పంతులుగారు ఆ గడప దగ్గర ఉండి ఉంటే బాగుండేదనిపించింది.

ఈ ఆట ఎంత పాతదో లెక్క తేల్చలేం. 13వ శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో శివరాత్రికి శ్రీశైలం చేరిన భక్తుల ఆటపాటలను వరసపెట్టి వర్ణించాడు. ఆ శ్రీశైలంలోనే 14వ శతాబ్దంలో అనవేమారెడ్డి వీరశిరోమండపం కట్టించాడు. భక్తి ముదిరినవాళ్లు అక్కడ తమ తలలూ నాలుకలూ కోసి దేవుడికి ఇచ్చేవారట. అటు లేపాక్షిలో విరూపణ్ణ కట్టించిన గుడిలోనూ, ఇటు రాయచోటిలోనూ కొలువైన దేవుడు ఈ వీరభద్రుడే. కర్ణాటకలో దీన్ని పోలిన ఆటను వీరగాసె అంటారు, మైసూరు దసరా ఊరేగింపులో అది తప్పక కనిపిస్తుంది. అక్కడా కత్తి ఉంది, చదువు ఉంది. గోదావరి వైపు ద్రాక్షారామం చుట్టుపక్కల వీరనాట్యం దళాలుగా వేదికలెక్కింది. పుత్తూరు పక్కన ఈ పల్లెలో మాత్రం అది ఒక్క మనిషిగా మిగిలింది.

నాలుగో విడతలోనో ఐదో విడతలోనో ఆయన తడబడ్డాడు. వీరభద్రుడు యాగశాలలోకి చొరబడ్డాడు, దేవతలు చెల్లాచెదురయ్యారు, అక్కడ మాట ఆగింది. కత్తి ఎత్తిన చెయ్యి గాలిలోనే ఉంది. గడప పక్కనుంచి మనవరాలు రెండు మాటలు మెల్లగా అందించింది. ఆయన ఆ రెండు మాటలూ అందుకుని మిగతాది కేక దాకా ఏకబిగిన లాగేశాడు. ఆ తర్వాత ఇంకో మూడు చోట్ల అలాగే జరిగింది. ప్రతిసారీ ఆమె పెదవులు ఆయన కన్నా ఒక మాట ముందు కదులుతూనే ఉన్నాయి.

దక్షుడి తల తెగే ఘట్టం వచ్చింది. ఇంకా వేగంగా ఆడతాడనుకున్నాను. ఆయన వేగం తగ్గించాడు. కత్తిని నేలకు సమంగా పట్టుకుని, ఒక కాలి మీద బరువు వేసి, అతి నెమ్మదిగా సగం చుట్టు తిరిగాడు. ఎక్కడా నరికినట్టు చూపించలేదు. మొన ఆగిన చోట నిమ్మకాయను తీసి, గుడిలో మేకతల దక్షుడి ముందు పెట్టాడు. తల తెగింది, మేకతల అతికింది, చచ్చినవాడు లేచి దండం పెట్టాడు. ఇదంతా ఆ ఒక్క కాయతో అయిపోయింది. పలక చివరిసారి మోగింది. హారతి ఇచ్చి ప్రసాదం పంచారు. ఆయన ఒంటి మీద చెమటా విభూతీ తప్ప ఇంకేమీ లేవు.

ఆ తల తెగే ఘట్టం చూశాక నాకు మరో ఆట గుర్తొచ్చింది. ఇంగ్లండులోని యార్క్‌షైర్ పల్లెల్లో పొడుగు కత్తుల నాట్యం ఒకటుంది. దాని సంగతి చాలా కాలంగా చదువుతూ వస్తున్నాను. సెసిల్ షార్ప్ 1911 నుంచి 1913 దాకా మూడు భాగాలుగా అచ్చేసిన పుస్తకంలో ఆ నాట్యాలను నమోదు చేశాడు. ఆరుగురో ఎనిమిది మందో వలయంగా నిలబడి, ఒకరి కత్తి మొన మరొకరు పట్టుకుని, చేతులు వదలకుండా తిరుగుతారు. చివరికి కత్తులన్నీ నక్షత్రంలాగా అల్లుకుంటాయి. గ్రెనోసైడ్ అనే పల్లెలో ఆ నక్షత్రాన్ని నాయకుడి మెడలో వేసి, తల తీసినట్టు నటించి కత్తులు లాగేస్తారు. గంగమ్మ చేతిలో పాలెగాడు, ఇక్కడి దక్షుడు, అక్కడి నాయకుడు, ముగ్గురి కథా తల దగ్గరికే చేరింది. వీటి మధ్య చుట్టరికం ఉందని నేననను. కానీ పొడుగాటి కత్తి చేతికిచ్చి ఆడమంటే మనుషులు ఎక్కడైనా తల గురించే ఆలోచిస్తారేమో.

రాత్రి అరుగు మీదే భోజనం పెట్టారు. రాగిసంగటి, చింతాకు పప్పు. తినేటప్పుడు ఆయన కుడి మణికట్టు కొంచెం వంకరగా ఉండడం చూశాను. మరమగ్గం బెల్టులో పడి విరిగిందట, పుత్తూరు కట్టుతోనే అతికిందట. కత్తి తిప్పేటప్పుడు ఆ చెయ్యి పైన ఎందుకు ఆనదో అప్పుడర్థమైంది. నెత్తురు సంగతి అడిగాను. పూలమ్మే ఆమె అబద్ధం చెప్పిందనుకోవడం నాకిష్టం లేదు. "అది మాది కాదు నాయనా, చౌడమ్మ తల్లిది" అన్నాడు. కోయంబత్తూరులో దేవాంగ నేతవాళ్లు విజయదశమినాడు చౌడేశ్వరి కలశం ముందు కత్తులతో రొమ్ము మీద కొట్టుకుంటూ, తీసుకో తల్లీ అని కేకలేస్తారు. పసుపు అద్దుకుంటూ మళ్లీ కొట్టుకుంటారు. పెద్దాయన కుర్రతనంలో సేలం వైపు మగ్గం పనికి పోయినప్పుడు అలాంటిది చూశాడట. "నాకు ఒళ్లు జలదరించింది. మా నాయన మాత్రం, నెత్తురు చూపిస్తే జనం నెత్తురే చూస్తారు, మాట వినరు అనేవాడు" అన్నాడు. అంత సూటిగా చెప్పిన మాట నేను ఏ విమర్శకుడి దగ్గరా వినలేదు.

ఖడ్గమంతా నోటికే వచ్చని, కాగితం మీద పెట్టకూడదని, పెడితే దాని మహిమ పోతుందని ఎదురింటాయన అన్నాడు. ఆయన ఇంటికి పోయాక మనవరాలు లోపలికెళ్లి పాత నోటుపుస్తకం తెచ్చింది. మొదటి పేజీల్లో నూలు లెక్కలు, చీటీ డబ్బుల లెక్కలు. నడుమ నుంచి ఆమె చేతిరాత. తాత చదువుతుంటే రాసుకుందట, ఏడో తరగతి నుంచీ. కొన్ని చోట్ల సగం వాక్యం తర్వాత ఖాళీ ఉంది. తాతకు గుర్తురాని చోట్లు అవి. గుర్తొచ్చిన రోజు నింపుతుందట. నువ్వు చదువుతావా అని అడిగాను. "చదువుతా. ఇంట్లో అయితే తాత ఏమీ అనడు" అంది. కత్తి పట్టావా అంటే నవ్వింది గానీ జవాబు చెప్పలేదు. పెద్దాయన మరోవైపు తిరిగి తమలపాకులు తుడుస్తూ కూచున్నాడు.

ఫోటో తీసుకుంటానంటే పుస్తకానికి వద్దన్నాడు, కత్తికి సరేనన్నాడు. నాకు కావలసింది పుస్తకమే. అయినా అడిగి విసిగించలేదు. ఇప్పుడెవరు పిలుస్తారని అడిగాను. పెళ్లికి ముందు ఇంటి దేవుణ్ణి తలుచుకునే కుటుంబాలు పిలుస్తాయట. వాళ్లలోనూ చాలామంది ఫోనులో ఎవరిదో ఖడ్గం పెట్టుకుని హారతి ఇచ్చేస్తున్నారట. "అదీ మంచిదే. దేవుడి పేరు ఆగిపోకుంటే సాలు" అన్నాడు. నాకు మాత్రం ఆ మాట మింగుడు పడలేదు. ఫోనులో ఊపిరి ఆగే చోటు తెలియదు. ఎదురుగా నిలబడి, ఆయన రొమ్ము ఎగసిపడడం చూస్తూ, ఈ వాక్యం పూర్తవుతుందా లేదా అని మనమూ ఊపిరి బిగబట్టినప్పుడే ఖడ్గం వినడం అవుతుంది. దానికి జనం ఎక్కువ అక్కర్లేదు, ఏడుగురైనా చాలు.

పొద్దున్నే ఆటో వచ్చేలోపు ఎదురింటాయన మళ్లీ వచ్చాడు. రాత్రి తడబడ్డ చోటు గురించి ఇద్దరికీ మాట పట్టింపు వచ్చింది. యాగశాలలో చొరబడ్డాక వీరభద్రుడు ముందు పూషుడి పళ్లు రాలగొట్టాడని పెద్దాయన, కాదు ముందు భగుడి కళ్లు పెరికాడని, తమ నాయన అలాగే చదివేవాడని ఎదురింటాయన. గొంతులు పెరిగాయి. మగ్గాల మోతలోనూ వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది. నన్ను అడిగారు. పురాణాల్లో రెండూ ఉన్నాయి, వరస మాత్రం ఒక్కోచోట ఒక్కోలా ఉందన్నాను. అది వాళ్లకు నచ్చలేదు. రాయచోటిలో తెలిసినాయన ఒకడున్నాడని, ఆయన్నడిగితే తేలిపోతుందని ఇద్దరూ ఒప్పుకున్నారు. ఆయన ఇంటి గుర్తులు చెప్పారు, ఫోను నంబరు మాత్రం ఇద్దరి దగ్గరా లేదు. నారాయణవనం మానుకుని, తిరుపతి మీదుగా పీలేరు దారిలో రాయచోటి పోదామని ఆటో ఎక్కాను. అప్పటికి మనవరాలు గడప మీద కూచుని నోటుపుస్తకం ఒళ్లో పెట్టుకుంది. ఖాళీ ఉన్న చోట పూషుడి పళ్లు ఒక వరసలో, భగుడి కళ్లు దాని కింది వరసలో, రెండూ పెన్సిలుతో రాస్తోంది.